నలుగురు పక్కపక్కన కూర్చుంటే



"నేనొక్కణ్ణి శీలంగా ఉంటే ఏం లాభం? మోసం చేసినోడే ముందుకు పోతున్నాడు" అని మన పిల్లలు అడుగుతున్నారు. అశోక్‌నగర్ హాస్టల్ గదుల్లో గ్రూప్స్‌కు చదివేవాళ్ల నోట ఈ మాట మరీ ఎక్కువ. నోట్సు ఇస్తే, తీసుకున్నవాడే ఆ ఒక్క మార్కుతో మన ఉద్యోగం కొట్టేస్తాడేమోనని భయం. ఆ భయం ఉత్తది కాదు. దానికి జవాబు చెప్పకుండా పంచశీల ఎంత చెప్పినా వాళ్ల చెవికెక్కదు.

1992లో మార్టిన్ నోవాక్, రాబర్ట్ మే అనే శాస్త్రవేత్తలు ‘నేచర్’ పత్రికలో ఒక లెక్క చూపించారు. చదరంగం బల్లలాగా గళ్లు. ఒక్కో గడిలో సాయపడేవాడో, మోసం చేసేవాడో ఉంటాడు. ఆట ఇరుగుపొరుగు గళ్లవాళ్లతోనే. ఇద్దరూ సాయపడితే ఇద్దరికీ లాభం. ఒకడు సాయపడి, రెండోవాడు మోసం చేస్తే మోసగాడికి ఇంకా ఎక్కువ, సాయపడ్డవాడికి సున్నా. ఆట అయ్యాక ప్రతివాడూ తన చుట్టుపక్కల ఎవడికి ఎక్కువ వచ్చిందో చూసి వాడిలాగే మారతాడు. జ్ఞాపకం లేదు, నీతిబోధ లేదు, పైనుంచి చూసే దేవుడూ లేడు.

మోసగాళ్ల నడుమ ఒంటరిగా పడ్డ మంచివాడు ఈ ఆటలో తుడిచిపెట్టుకుపోతాడు. పిల్లల భయం నిజమే మరి! కానీ సాయపడేవాళ్లు పక్కపక్క గళ్లలో గుంపుగా ఉంటే, మోసానికొచ్చే లాభం మరీ పెద్దది కానంతవరకు, నిలబడతారు. అంచున ఉన్న మోసగాడు కూడా వాళ్లను చూసి మారొచ్చు. కల్యాణమిత్రులు ధమ్మజీవితంలో సగమని ఆనందుడు అంటే, సగం కాదు, మొత్తం అదేనని బుద్ధుడు సరిదిద్దింది ఇందుకే. బాబాసాహెబ్ 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షలమందితో కలిసి దీక్ష తీసుకున్నారు, ఒంటరిగా కాదు.

అయితే కులం కూడా గుంపే కదా, వాళ్లకు వాళ్లు సాయం చేసుకోరా? చేసుకుంటారు. అందుకే అది ఇన్నాళ్లు బతికింది. 1916లో కొలంబియాలో చదివిన వ్యాసంలో బాబాసాహెబ్ కులాన్ని తలుపు మూసుకున్న వర్గం అన్నారు. అక్కడ నడత మార్చుకున్నా లోపలికి రానివ్వరు, పుట్టుకే అడుగుతారు. సంఘంలోకైతే మంగలి ఉపాలి శాక్య రాజకుమారుల కంటే ముందు వచ్చాడు, తర్వాత వాళ్లు ఆయనకు మొక్కాల్సి వచ్చింది.

కాబట్టి చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి పోయే మన పిల్లలు నలుగురు కలిసి కూర్చోండి. ఒక్కొక్కరు ఒక్కో సబ్జెక్టు రాసి పంచుకోండి. ఐదో మనిషి వస్తే కులం అడక్కుండా కుర్చీ జరపండి. తీసుకుని ఇవ్వనివాడికి తన వంతు రాసి తెచ్చేదాకా నోట్సు ఆపండి. తెచ్చిన రోజు మాత్రం పాత లెక్కలు తియ్యొద్దు.