రుజువు లేని మాట

మా బంధువర్గములో నొక వృద్ధురాలుండెడిది. నాకు మేనత్త వరుస. చాలకాలముగా మధుమేహముతో బాధపడుచు, వైద్యుఁడు చెప్పిన సూదిమందును తప్పక పుచ్చుకొనుచుండెడిది. ఒకనాఁడు దినపత్రికలో నొక ప్రకటన చూచినది. మండలము దినములు తమ చూర్ణమును సేవించినచో మధుమేహము సమూలముగా నశించుననియు, పిమ్మట నే మందుతోను పని యుండదనియు అందున్నది. ఆమె యా ప్రకటనను కత్తిరించి పంచాంగములో దాఁచుకొన్నది, చూర్ణమును తెప్పించుకొన్నది, సూదిమందు మానివేసినది. మండలము నిండకమునుపే కాలిమీఁది చిన్న పుండు పెద్దదై రెండు వ్రేళ్లు తీసివేయవలసి వచ్చెను. నేను చూడఁబోయి, కొంచెము కోపముగానే మందలింపఁగా ఆమె యిట్లన్నది: "పత్రికలో వేసినారు గదా, నాయనా! అబద్ధమైతే సర్కారువారు ఊరకుందురా?"

ఈ ప్రశ్నకు నేనానాఁడు బదులు చెప్పలేకపోయితిని. ఆమె నమ్మినది చూర్ణమును గాదు. దానిని విక్రయించిన వానిని గాదు. అంతటి మాట పట్టపగలు అచ్చుపడినను ఎవరును అడ్డుపెట్టలేదే, ఆ సంగతిని నమ్మినది. శాసనముయొక్క మౌనమే యామెకు సాక్ష్యమైనది. ఒక మందు రోగమును కుదుర్చునని రుజువు లేకయే లోకమునకుఁ జాటుట యెట్టి తప్పు? ఆ మాట యబద్ధమని తేలిననాఁడు మాత్రమే తప్పా, లేక నోట వెలువడిన క్షణముననే తప్పా?

న్యాయస్థానములలో ఈ వివాదము నూఱేండ్లకుఁ బైగా నలుగుచున్నది. అమెరికా దేశములో 1906వ సంవత్సరమున ఆహారౌషధముల శుద్ధినిగూర్చి యొక శాసనము పుట్టెను. కాన్సాస్ సిటీలో జాన్సన్ అను వైద్యుఁడొకఁడు రాచపుండును కుదుర్చునని పేరుపెట్టి మందులు పంపుచుండఁగా, ఆ శాసనము క్రింద నతనిపై అభియోగము తెచ్చిరి. 1911లో ఆ దేశపు సుప్రీముకోర్టు అతఁడు శాసనమును మీఱలేదని తీర్పు చెప్పెను. తీర్పు వ్రాసినవాఁడు సామాన్యుఁడు గాఁడు, జస్టిస్ హోమ్స్. సీసాలో నున్న వస్తువేదో, ఎంతయో తప్పుగాఁ జెప్పుటనే శాసనము నిషేధించినదనియు, ఆ వస్తువు రోగమును కుదుర్చునా కుదుర్పదా యనునది అభిప్రాయభేదములకు లోనైన విషయమనియు ఆయన తలంపు. అనఁగా సీసాలోని నీటిని తూచవచ్చును గాని, సీసాపైని మాటను తూచరాదన్నమాట. జస్టిస్ హ్యూస్ మొదలగు మువ్వురు న్యాయమూర్తులు దీని కొప్పుకొనలేదు. వైద్యులలో నిజమైన అభిప్రాయభేదము వేఱు, పనికిరాదని తానెఱిఁగియు పనికివచ్చునని చెప్పుట వేఱు అని వారు వాదించిరి. నాకు వీరి పక్షమే సరియైనదని తోఁచుచున్నది.

మఱుసటి యేఁడు కాంగ్రెసు సభవారు శాసనమును సవరించిరి. కాని సవరణలో నొక చిక్కు నిలిచిపోయెను. మాట అబద్ధమై యుండుటయే చాలదు. అమ్మువాఁడు మోసగించు తలంపుతోనే చెప్పెనని ప్రభుత్వమువారు రుజువు చేయవలెను. "నేను మనసార నమ్మియే చెప్పితిని" అని వాఁడు ప్రమాణము చేసినచో వాని మనసును కోసి చూచుట యెవరితరము? 1938లో క్రొత్త శాసనము వచ్చువఱకును ఈ చిక్కు తీఱలేదు.

నమ్మి చెప్పినవాఁడు నిర్దోషియా? ఇదియే యసలు ధర్మసందేహము. ఇంగ్లాండులో క్లిఫర్డ్ అను గణితశాస్త్రజ్ఞుఁడు 1877లో ప్రకటించిన యొక వ్యాసమున దీనికొక కథ కల్పించినాఁడు. ఒకానొక యోడ యజమాని తన యోడ పాతదై శిథిలమైనదని యెఱుఁగును. మరమ్మతునకు ధనము కావలెను. కాని యిన్నిమాఱులు క్షేమముగాఁ బోయివచ్చినది, ఈసారియు పోయివచ్చునని తనకుఁ దాను చెప్పుకొని, సందేహములను అణఁచివేసి, మనస్ఫూర్తిగా నమ్మి, ప్రయాణికులనెక్కించి సాగనంపెను. ఓడ నడిసముద్రమున మునిఁగినది. వాని నమ్మకము నిజమైనదే. ఐనను అట్లు నమ్ముటకు వానికి అధికారము లేదని క్లిఫర్డ్ చెప్పును. అంతటితో నాగక, ఓడ మునుఁగక ఒడ్డుచేరినను వాని దోషము వీసమైనను తగ్గదనును. నేనీ కడపటి మాటనే పట్టుకొందును. మేనత్తగారి కాలివ్రేళ్లు దైవవశమున నిలిచియున్నను ఆ ప్రకటన వేసినవాని తప్పు తప్పుగానే యుండెడిది.

దీనికొక గట్టి యాక్షేపణ కలదు. రుజువు రుజువు అని పట్టుపట్టినచో మన యిండ్లలోని శొంఠి కషాయమునకును, వాము నీళ్లకును రుజువెక్కడనున్నది? మన యవ్వలందఱును దోషులేనా? ధనవంతులైన సంస్థలు మాత్రమే పరీక్షలు చేయింపఁగలవు గావున దేశీయ వైద్యము నోరు మూసికొనవలసినదేనా? ఈ మాటను తేలికగాఁ ద్రోసివేయరాదు. కాని అవ్వ కషాయమిచ్చి యేమిచేయునో చూడుఁడు. మంచము ప్రక్కనే కూర్చుండును. అర్ధరాత్రమున లేచి నొసటిపైఁ జేయివేసి చూచును. తెల్లవాఱునప్పటికి జ్వరము తగ్గకున్నచో వైద్యుని పిలిపింపుమని తానే చెప్పును. తన మాట యేమైనదో చూచుటకు ఆమె యక్కడనే యున్నది. ప్రకటన వేసినవాఁడో, మాటను లక్ష యిండ్లకుఁ బంపి, ఏ యింట నేమి జరిగెనో చూడకయే డబ్బును లెక్కపెట్టుకొనును. కావుననే వాఁడు ముందుగా చూచి మఱి మాటలాడవలెనని కోరుట. ఆయుర్వేదమైనను, అల్లోపతియైనను ఈ న్యాయమొక్కటియే. 1972లో అమెరికాలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌వారు ఈ నియమమును స్థాపించినది ఏ నాటువైద్యునిమీఁదను గాదు. ఎండకుఁ గమిలిన చర్మమునకు పూయు లేపనమునుగూర్చి ఫైజర్ వంటి మహాసంస్థ వేసిన ప్రకటనమీఁద. ఆ సంస్థపై వ్యాజ్యమును కొట్టివేసిరి గాని, తగిన ఆధారము చేతలేక అట్టి మాట చెప్పుటయే యన్యాయమని తేల్చిరి.

మాటలోనే యున్నది కిటుకంతయు. హైదరాబాదులో మృగశిర కార్తె ప్రవేశించుదినమున ఉబ్బసరోగులచేత బ్రతికిన చేపతోఁగూడ మ్రింగించు పదార్థమును పూర్వము "చేప మందు" అనెడివారు. హేతువాదులు అభ్యంతరము చెప్పిన పిమ్మట అది "చేప ప్రసాదము" అయినది. ఉచితముగా నిచ్చుదానిపై నాకు కోపము లేదు. కాని పేరు మాఱినను, వరుసలో నిలువఁబడినవాఁడు దేవునికొఱకు వచ్చినాఁడా, ఊపిరికొఱకు వచ్చినాఁడా?

మన దేశములో శాసనము లేకపోలేదు. ఆక్షేపణీయములైన ఔషధప్రకటనలను నిషేధించుచు 1954లోనే యొకటి చేసిరి. అందు ఏఁబదినాలుగు రోగముల పట్టిక కలదు. వానిని కుదుర్తునని ప్రకటించుటయే నేరము. మొదటిసారి ఆఱు నెలల వఱకు కారాగారము, లేదా జరిమానా, లేదా రెండును. హమ్‌దర్ద్ దవాఖానావారు ఇది వాక్స్వాతంత్ర్యమునకు భంగమని వాదింపఁగా, 1959 డిసెంబరులో సుప్రీముకోర్టువారు కొన్ని భాగములను కొట్టివేసిరి గాని, ఇట్టి ప్రకటనలకు ఆ స్వాతంత్ర్యపు రక్ష లేదని చెప్పిరి. ఆ పట్టికలో మధుమేహమున్నది. అనఁగా మేనత్తగారు కత్తిరించుకొన్న కాగితము నేరముయొక్క సాక్ష్యమే. దానిని అచ్చువేసినవారికిఁగాని, చదివిన వేలమందికిఁగాని ఆ సంగతి తోఁచలేదు. నాకును తోఁచలేదు.

ఒకసారి చాటిన మాటను వెనుకకుఁ దీసికొనుట సాధ్యమా? నోరు పుక్కిలించు లిస్టరిన్ జలుబును, గొంతునొప్పిని అరికట్టునని 1921 మొదలు ఏఁబదియేండ్లకుఁ బైగా ప్రకటించుచు వచ్చిరి. ఆ మాట మానుకొన్నంతమాత్రమున చాలదనియు, జనుల మనస్సులలో నాఁటుకొన్న దానిని పెఱికివేయవలెననియు కమిషన్‌వారు 1975లో ఆజ్ఞాపించిరి. ఒక కోటి డాలర్లు వ్యయమగువఱకును ప్రతి ప్రకటనలోను, ఇది జలుబును నివారింపదు, దాని తీవ్రతను తగ్గింపదు అని ఆ సంస్థయే చెప్పుకొనవలెను. 1977లో అప్పీలు కోర్టువారు దీనిని స్థిరపఱచిరి. ఇచ్చట మన సుప్రీముకోర్టులో, పతంజలి ఆయుర్వేద సంస్థ ప్రకటనలపై భారత వైద్యసంఘమువారు 2022లో తెచ్చిన వ్యాజ్యములోను ఇట్టి ప్రశ్నయే తలయెత్తెను. ఇఁకమీఁద అట్టి మాటలు చెప్పమని 2023 నవంబరులో మాట యిచ్చి తప్పినారని కోర్టుధిక్కార నేరముపై తాఖీదు పుట్టినది. 2024 ఏప్రిలులో సంస్థవారు పత్రికలలో క్షమాపణ ప్రకటింపఁగా, మీ ప్రకటనలెంత పెద్దవో ఈ క్షమాపణయు అంత పెద్దదిగా నున్నదా యని న్యాయమూర్తులడిగిరి. మఱునాఁడు పెద్ద యక్షరములతో వేసిరి. ఆగస్టులో క్షమాపణ నంగీకరించి ధిక్కార విచారణను ముగించిరి. కొలతబద్దతో క్షమాపణను కొలుచుట కొందఱకు నవ్వు పుట్టించినది. నాకు నవ్వు రాలేదు. అబద్ధము పోయినంత దూరము నిజమును పోవలెనన్నచో కొలువకేమి చేయుదురు?

మేనత్తగారు పోయి కొన్నియేండ్లయినది. ఆమె పంచాంగమును, అందులోని యా కాగితపు ముక్కయు ఇప్పటికిని మా యింటనే యున్నవి. దానిలోని మాటను కాదను ప్రకటన యేదియు, చిన్న యక్షరములతోనైనను, ఏ పత్రికలోను నా కంటఁబడలేదు.