మద్దెల నిజంగా ఓడేనా?

చిరంజీవి మేనల్లుణ్ణి ఆశీర్వదించి మేనమామ రాయు లేఖ.

గోల్ఫ్ ఆడేవారికి కొన్నేళ్లు గడిచాక తప్పక ఎదురయ్యే సందేహం, చేతిలో ఉన్న పాత కర్రలనే ఉంచుకోవాలా, అంగట్లోకి వచ్చిన కొత్తవాటితో మార్చుకోవాలా అన్నది, పైకి కొనుగోలు వ్యవహారంలా కనబడినా, లోపం ఎక్కడుందో ఒప్పుకోగల నిజాయితీకి సంబంధించిన విషయం. క్లబ్బు అనే మాట ఆడే వస్తువుకూ, సభ్యులు చేరే సంస్థకూ ఒకటే కాబట్టి, ఈ లేఖలో ఆడే వస్తువును కర్ర అనే పిలవడం మేలు. అది ఇప్పుడు ఉక్కుతోనో టైటానియంతోనో తయారవుతున్నా పాత పేరుకు వచ్చిన నష్టమేమీ లేదు. ఇలాంటి సందర్భానికి తెలుగులో సిద్ధంగా ఉన్న సామెత ఆడలేక మద్దెల ఓడు అన్నది. ఆడేవారిని ఎద్దేవా చేయడానికే దాన్ని అందరూ వాడుతూ వచ్చారు గాని, మద్దెల నిజంగానే ఓడైపోయే రోజు కూడా ఒకటి ఉంటుందన్న సంగతిని ఆ సామెత పట్టించుకోదు. తండ్రిగారి పాత కర్రలతో ఆడుతున్న చిరంజీవి చేయవలసిన పని ఆ రెంటిలో ఏది నిజమో తేల్చుకోవడం. తేల్చుకోకుండా కొనడం ఎంత తప్పో, తేలిన తర్వాత కూడా పొదుపు పేరుతోనో, తండ్రిగారి వస్తువన్న మొహమాటంతోనో కొనకుండా ఉండిపోవడం అంతే తప్పు.

మొదట గమనించవలసింది, సెట్టు అనబడేది ఒకే వస్తువు కాదు. ఒక ఆటగాడు ఒక ఆటకు పద్నాలుగు కర్రలకు మించి తీసుకుపోరాదన్న నియమాన్ని అమెరికా గోల్ఫ్ సంఘం 1938లో పెట్టింది. అంతకుముందు ఇరవైకి పైగా మోయించినవారు కూడా ఉన్నారు, ఆ బరువు ఎవరి భుజం మీద పడేదో వేరే చెప్పనక్కర్లేదు. ఆ పద్నాలుగింటిలో బంతిని మొదట దూరంగా కొట్టే డ్రైవర్, దాని తమ్ముళ్లలాంటి ఫెయిర్‌వే వుడ్‌లు, మధ్య దూరాలకు అంకెలు వేసిన ఐరన్లు, దగ్గరి నుంచి బంతిని ఎత్తి దించే వెడ్జ్‌లు, గ్రీన్ అనే నున్నని పచ్చిక మీద బంతిని దొర్లించే పట్టర్ ఉంటాయి. ఇవన్నీ ఒకేసారి ముసలివి కావు. డ్రైవర్ కొత్త ఆవిష్కరణల వల్ల పాతబడుతుంది, వెడ్జ్ అరుగుదల వల్ల పాతబడుతుంది, పట్టర్ దాదాపు పాతబడదు, ఐరన్ల సంగతి మాత్రం కొంత తికమక. కాబట్టి సెట్టు మార్చాలా వద్దా అన్న ప్రశ్నే అంగడివాడికి అనుకూలంగా తయారైన ప్రశ్న. ఏ కర్రను, ఎందుకు అన్నదే ఆటగాడు వేసుకోవలసినది.

డ్రైవర్ తల ఒకప్పుడు పెర్సిమన్ అనే చెక్కతో చేసేవారు. బీడీలు చుట్టే ఆకునిచ్చే తునికి చెట్టుకు అది అమెరికాలోని దాయాది, రెండూ ఒకే ప్రజాతికి చెందినవి. 1979లో టేలర్‌మేడ్ సంస్థను నెలకొల్పిన గ్యారీ ఆడమ్స్ ఉక్కు తలను బజారుకు తెచ్చాడు. 1991లో కాలవే సంస్థ బిగ్ బెర్తా అనే పెద్ద ఉక్కు తలను, ఆ తర్వాత 1995లో టైటానియంతో ఇంకా పెద్దదాన్ని తీసుకొచ్చింది. తల పెద్దదయ్యేకొద్దీ బరువును అంచులకు జరపవచ్చు, అలా జరిపితే బంతి నడిమధ్యన తగలకపోయినా తల అంతగా మెలితిరగదు, కొట్టిన దెబ్బ పూర్తిగా వృథా పోదు. అయితే 2004లో నియమాలు డ్రైవర్ తల పరిమాణాన్ని 460 ఘన సెంటీమీటర్లకు కట్టివేశాయి. ముఖం స్ప్రింగులా బంతిని ఎగదన్నే గుణానికి అంతకుముందే హద్దు పడింది. అందువల్ల రెండు వేల సంవత్సరానికి ముందరి డ్రైవర్‌ను ఇప్పటిదానితో మార్చడంలో నిజమైన లాభం ఉండగా, పదేళ్ల కిందటిదాన్ని మార్చడంలో ఆ లాభం చాలా తక్కువ. ప్రకటనలు ఏటా మరికొన్ని గజాలు వాగ్దానం చేస్తున్నా, గోడ ఎక్కడుందో నియమాల పుస్తకంలో రాసే ఉంది. చిరంజీవి దగ్గరున్న డ్రైవర్ పాతికేళ్లనాటిది కనుక దాన్ని మార్చడానికి వెనకాడనవసరం లేదు. పైగా ఆ సంధికాలంలో వచ్చిన కొన్ని డ్రైవర్లు స్ప్రింగు గుణంలో హద్దు దాటినవి. పాతది కాబట్టి ధర్మబద్ధమైనదే అయి ఉంటుందన్న నమ్మకం పెట్టుకోకుండా, పోటీకి వెళ్లేముందు అనుమతి పొందిన డ్రైవర్ తలల జాబితాలో దాని పేరు ఉందో లేదో చూసుకోవాలి.

ఐరన్ల దగ్గర జాగ్రత్త ఎక్కువ అవసరం. లాఫ్ట్ అంటే కర్ర ముఖం నిలువు గీత నుంచి వెనక్కి వాలిన కోణం. అది ఎక్కువైతే బంతి ఎత్తుకు లేచి దగ్గర పడుతుంది, తక్కువైతే కిందుగా దూరం పోతుంది. 1980 ప్రాంతంలో ఏడో నంబరు ఐరన్‌కు దాదాపు 35, 36 డిగ్రీల లాఫ్ట్ ఉండేది. ఇప్పుడు సామాన్య ఆటగాళ్ల కోసం చేసే ఏడో నంబరు ఐరన్లలో 30 డిగ్రీల లోపువి కూడా మామూలే, అంటే అది పాత సెట్టులోని ఐదో నంబరు కోణం. అంగట్లో పాత ఏడు, కొత్త ఏడు పక్కపక్కన కొట్టి చూసినవారికి కొత్తది ఇరవై గజాలు ఎక్కువ పోయిందన్న సంతోషం కలగడంలో వింత లేదు. మానికను చిన్నది చేసి కొలిచి, గాదెలో ధాన్యం పెరిగిందని మురిసిపోవడం లాంటిది అది. ఇక్కడ అమ్మేవారి పక్షాన కూడా ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది: కొత్త ఐరన్లలో బరువు అడుగుకు దింపడం వల్ల బంతి తక్కువ కోణంతోనే తగినంత ఎత్తుకు లేస్తుంది, కనుక కోణం తగ్గించడానికి నిజమైన కారణం కూడా ఉంది. బరువును ఇలా అడుగుకు, అంచులకు పంచే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినవారిలో ముఖ్యుడు కార్స్టెన్ సోల్‌హైమ్, జనరల్ ఎలక్ట్రిక్‌లో ఇంజనీరుగా పనిచేస్తూ 1959లో ఇంటి గరాజులో పట్టర్లు చేయడం మొదలుపెట్టి, బంతి తగిలినప్పుడు వచ్చే శబ్దాన్నే పింగ్ అని సంస్థకు పేరుగా పెట్టినవాడు. అయినా చిక్కు పూర్తిగా తీరదు. పిచింగ్ వెడ్జ్ కోణం కూడా అలాగే తగ్గిపోయింది కాబట్టి, దానికీ ఇసుక గుంటలో వాడే శాండ్ వెడ్జ్‌కూ మధ్య పెద్ద ఖాళీ ఏర్పడి, ఆ ఖాళీని పూడ్చడానికి గ్యాప్ వెడ్జ్ అనే మరో కర్ర కొనవలసి వస్తుంది. అందుకని ఐరన్లను పోల్చేటప్పుడు అంకెతో అంకెను కాక, కోణంతో కోణాన్ని పోల్చాలి.

వెడ్జ్‌ల విషయంలో అరుగుదల కంటికి కనబడుతుంది. వాటి ముఖం మీద అడ్డంగా చెక్కిన సన్నని గాట్లను గ్రూవ్‌లంటారు. తడి గడ్డి నుంచి కొట్టినా బంతి వెనక్కి గిరగిర తిరిగి పచ్చిక మీద ఆగడానికి అవే ఆధారం. ఇసుక వాటిని అరగదీస్తుంది, కాబట్టి తరచుగా ఆడేవారికి వెడ్జ్ మార్చడం షోకు కాదు, అరిగిన నాగలి కర్రును మార్చడం లాంటి పని. ఈ గ్రూవ్‌ల చుట్టూ నడిచిన ఒక వ్యవహారం ధర్మం తెలుసుకోగోరేవారికి ఉపయోగపడుతుంది. 2010లో పెద్ద పోటీలకు గ్రూవ్‌ల మీద కొత్త హద్దు వచ్చింది. అయితే ఏళ్ల కిందట పింగ్ సంస్థకూ అమెరికా సంఘానికీ మధ్య వివాదం తెగినప్పుడు కుదిరిన ఒప్పందం ప్రకారం, 1990 ఏప్రిల్ 1కి ముందు తయారైన పింగ్ ఐ2 కర్రలకు మినహాయింపు ఉండిపోయింది. ఆ వెసులుబాటును పట్టుకుని ఫిల్ మికల్సన్ ఇరవై ఏళ్లనాటి వెడ్జ్‌తో ఆడగా, తోటి ఆటగాడొకరు దాన్ని మోసమన్నారు. నియమం ఒప్పుకుంది కాబట్టి మోసం కాదని మికల్సన్ వాదించి, ఆపైన దాన్ని తానే పక్కన పెట్టాడు. చివరకు సంస్థ తన హక్కును వదులుకోవడంతో ఆ మినహాయింపు పెద్ద పోటీల్లో ముగిసింది. కొత్తదే దురాశ, పాతదే నిరాడంబరం అన్న లెక్క నిలవదనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు, ఎందుకంటే అక్కడ లాభాపేక్షతో సంచిలోకి వచ్చింది పాత కర్రే.

పట్టర్ గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. టైగర్ వుడ్స్ గెలిచిన పదిహేను మేజర్ పోటీలలో మొదటిదైన 1997 మాస్టర్స్ తప్ప మిగతా పద్నాలుగూ ఒకే పట్టర్‌తో గెలిచినవి. అలవాటు బలం పట్టర్‌కే పరిమితం కాదు: బాబీ జోన్స్ అయితే, స్కాట్లండ్‌లోని గోల్ఫ్ నియమాల పెద్దలు ఉక్కు కాడలను అనుమతించిన మరుసటి ఏడు, 1930లో, హికరీ అనే చెక్క కాడల కర్రలతోనే ఆ ఏటి నాలుగు పెద్ద పోటీలు గెలిచాడు. చేతికి అలవాటైన పట్టర్‌ను మార్చేవారిలో చాలామంది మారుస్తున్నది నిరాశనే.

ఇక లోపం చేతిదా కర్రదా అని తేల్చుకునే పద్ధతి. పది ఆటల పాటు ప్రతి దెబ్బా రాసిపెట్టుకుంటే, వృథా పోతున్న స్ట్రోకులు, అంటే లెక్కకెక్కే దెబ్బలు, మొదటి దెబ్బలోనా, గ్రీన్‌ను చేరడంలోనా, పట్టర్‌తో మూడేసి దెబ్బలు వేయడంలోనా అన్నది కాగితం మీద తేలుతుంది. కర్ర ముఖానికి పౌడరు పలచగా అద్ది కొట్టి చూస్తే, గుర్తులు ముఖమంతా చెదిరితే లోపం స్వింగ్‌ది, అంటే కర్రను తిప్పి కొట్టే తీరుది. గుర్తులన్నీ ఒకే పక్కకు గుమిగూడితే కర్ర కొలతను కూడా అనుమానించాలి. ఈ లెక్కలో తనకు తాను అబద్ధం చెప్పుకోకపోవడమే కష్టం. హైదరాబాదు నుంచి వెళ్లిన తల్లిదండ్రులకు కాలిఫోర్నియాలో పుట్టిన తీగల సాహిత్, 2024 టూర్ చాంపియన్‌షిప్ మూడో రోజున బంకర్ అనే ఇసుక గుంటలో, వెనక్కి ఎత్తేటప్పుడు కర్ర ఇసుకకు తగిలిందని స్వయంగా చెప్పి, రెండు స్ట్రోకుల శిక్షను నెత్తిన వేసుకుని, చివరకు మూడో స్థానంలో నిలిచాడు. చెయ్యి చేసినది అంత తేటగా చెప్పగలవారికే కర్ర చేసినది ఏదో కూడా తెలుస్తుంది.

కొలత అన్నప్పుడు మూడు సంగతులు చూడాలి. ఫ్లెక్స్ అంటే కాడ వంగే గుణం. తండ్రిగారి సెట్టు మీద ఉన్న ఎస్ అనే అక్షరం అది బిరుసు కాడ అని చెబుతుంది, ఆ బిరుసు ఆయన వేగానికి తగినది గాని చిరంజీవి నెమ్మదైన స్వింగ్‌కు తగినదని లేదు. లై అంటే కర్రను బంతి దగ్గర ఆనించినప్పుడు కాడ నేలతో చేసే కోణం. అడుగున టేపు అంటించి గట్టి పలక మీద కొడితే, గుర్తు ముందు కొసకు పడితే కోణం చాలలేదనీ, మడమ వైపు పడితే ఎక్కువైందనీ అర్థం. పోతపోసినవాటి కంటే సాగగొట్టి చేసిన ఐరన్లను ఒకటి రెండు డిగ్రీలు వంచి సరిచేయడం సులభం. మూడోది గ్రిప్, అన్నింటికంటే చవకైనది, అందుకే అందరూ మరిచిపోయేది. గోల్కొండ నయా ఖిల్లా మైదానంలో ఎండాకాలం ఆడి, కర్రలను కారు డిక్కీలోనే వదిలేసేవారి గ్రిప్‌ల రబ్బరు చెమటకు, వేడికి గట్టిపడి జారుతుంది; జారకుండా బిగించి పట్టడంతో ముంజేతులు కట్టెల్లా అవుతాయి, నింద మాత్రం కర్రకు పోతుంది. పూర్తి సెట్టు ధరలో చిన్న వంతుతో పద్నాలుగు గ్రిప్‌లూ మార్పించవచ్చు. ఆ పని చేయించకముందు మరే నిర్ణయమూ చేయకూడదు.

తర్వాత కూడా ఐరన్లు మార్చాలనే తోస్తే, రాడారుతో బంతి వేగాన్ని, దిక్కును కొలిచే దుకాణానికి పాత ఐరన్‌ను, రోజూ ఆడే బంతులను తీసుకుపోయి, ఒక్కోదానితో పదేసి కొట్టి, అన్నింటికంటే దూరం పోయిన ఒక్క బంతిని కాక సగటును, బంతులు ఎంత మేర చెదిరి పడ్డాయో దాన్ని చూడాలి. సంస్థల డబ్బు తీసుకుని కర్రలు మార్చే వృత్తి ఆటగాళ్లను చూసి మార్చడం వ్యర్థం. నిరుటి నమూనా ధర కొత్తది రాగానే తగ్గుతుంది, దానితో ఆడినందుకు సిగ్గుపడే అవసరం గోల్ఫ్‌లో ఎవరికీ లేదు.

పాతవాటి గతి ఏమిటన్నది కూడా ఈ నిర్ణయంలో భాగమే. చిన్నపిల్లలకు పొట్టిగా కోసి ఇవ్వడం మంచి ఆలోచనలా కనబడుతుంది గాని, కోసిన కాడ ఇంకా బిరుసవుతుంది, తల బరువు అలాగే ఉండిపోతుంది, పిల్లవాడు నేర్చుకునేది కర్రను మోయడం మాత్రమే. నేర్చుకుంటున్న క్యాడీకి, అంటే సంచి మోసి సలహా చెప్పే కుర్రవాడికి, పూర్తి కొలతతో ఇవ్వడం మెరుగు. 1829లో మొదలైన రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బులో పచ్చిక చూసుకునే ఉద్యోగి కొడుకైన ఎస్.ఎస్.పి. చౌరాసియా అక్కడే క్యాడీగా మొదలై, 2016లోనూ 2017లోనూ ఇండియన్ ఓపెన్ గెలిచాడు. అయితే ఇచ్చే ముందు తండ్రిగారిని ఒక మాట అడగాలి, ఆయనకు చెప్పకుండా వాటిని ఇల్లు దాటించే అధికారం చిరంజీవికి లేదు. పట్టర్‌ను మాత్రం గ్రిప్ మార్పించి సంచిలోనే ఉంచుకోవాలి. మిగతావి ఇవ్వడానికి తండ్రిగారు ఒప్పుకోకపోతే ఐరన్లు అటక ఎక్కుతాయి. అప్పుడు కాడలను తుడిచి, ఎండలో కొంతసేపు నిలబెట్టి, పొడి గుడ్డలో చుట్టాలి, ఎందుకంటే ఉక్కు కాడకు తుప్పు లోపలి నుంచి కూడా పడుతుంది, అది పైకి కనబడేసరికి ఆలస్యమవుతుంది.

ఇట్లు,
ఆశీస్సులతో,
మేనమామ