అద్దాల చాటున ఆవిరి

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రాజమహేంద్రవరంలో ఆ ఎండ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా?

ఆ ఎండలోనే అన్నవరం కొండకో, శనివారం వాడపల్లి వెంకన్న దర్శనానికో కారులో బయలుదేరతాం. ముద్దుగా పెంచుకున్న కుక్కనూ వెంట తీసుకెళ్తాం. గుళ్లోకి దాన్ని రానివ్వరు కాబట్టి, "ఐదు నిమిషాల్లో వచ్చేస్తాం" అని అద్దాలు ఎక్కించి తాళం వేస్తాం. వాడపల్లి క్యూ ఐదు నిమిషాల్లో ఎప్పుడు కదిలింది గనక!

ఎండలో మూసిన కారు లోపల పది నిమిషాల్లోనే వేడి సుమారు 10 డిగ్రీలు పెరుగుతుంది. అద్దం రెండు వేళ్ల మేర దించినా పెద్ద తేడా ఉండదు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి వగర్చి, ఆ తడి ఆరితేనే చల్లబడుతుంది. మన డెల్టా గాలిలో అసలే ఉక్క. మూసిన కారులో దాని ఊపిరి తేమే దానికి శత్రువవుతుంది. ఒంటి వేడి 41 డిగ్రీలు దాటితే ప్రాణాపాయమే. ఏసీ వేసి వదిలితే చాలనుకోవడమూ భ్రమే. ఇంజను ఆగిపోతే చూసే దిక్కెవరు?

అలా సొమ్మసిల్లిన కుక్క కనిపిస్తే నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లు పోసి, విసరండి. తర్వాత పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోన్ చేయవచ్చు. ఈ వేసవి ప్రయాణాల్లో మాత్రం మీ కుక్కను ఇంటి దగ్గరే, నీళ్ల గిన్నె పక్కన ఉంచి వెళ్లండి.