చుక్కా? ధారా?

ఫ్రెండ్స్, మనసును పూర్తిగా బిగించేస్తేనే నిగ్రహమా?

పాత తరహా మరబోట్లలో ప్రొపెల్లర్ షాఫ్ట్ నీళ్లలోకి వెళ్లేచోట గ్రీజు పట్టించిన తాడు చుట్టి, నట్లు బిగిస్తారు. షాఫ్ట్ తిరిగేటప్పుడు అక్కడ నిమిషానికి రెండు మూడు చుక్కలు కారాలి. దాన్ని చల్లబరిచేది ఆ నీళ్లే. చుక్క కూడా రాకూడదని బిగిస్తే తాడు మాడి, షాఫ్ట్ అరిగి, చివరికి ధార కడుతుంది.

గాలి నావను కొట్టుకుపోయినట్టే, ఇంద్రియాల వెంట పోయే మనసు వివేకాన్ని లాక్కుపోతుందంది గీత (2.67). అతిగా తిన్నా, అసలు తినకపోయినా యోగం కుదరదన్నదీ గీతే (6.16). "ఇక ఫోనే ముట్టను" అనే ఒట్టు మూడోరోజుకే తెగేది అందుకే.

అయితే తాడే పాడైతే ఎంత బిగించినా ఆగదు, మార్చాల్సిందే. కొన్ని అలవాట్లూ అంతే.

మీలో కారుతున్నది చుక్కా, ధారా? ఈ రాత్రి ఒకసారి చూసుకోండి. జై శ్రీకృష్ణ!