మాట పడిపోయిన సహోదరుడు

ధ్యాన భాగములు: కీర్తన 137:5-6, మార్కు 7:31-37, రోమా 8:26



నాలుకను అదుపులో నుంచుకొనవలెనని యాకోబు పత్రిక మూడవ అధ్యాయమునుండి మనము అనేక ప్రసంగములు వినియున్నాము. అయితే పలుకవలెనని ఎంత ప్రయాసపడినను పలుకు రానివారిని గూర్చి మనము తలంచుట అరుదు. అట్టివారు మన సంఘములలో లేకపోలేదు. పక్షవాతము వచ్చినవారిలో ఇంచుమించు ముగ్గురిలో ఒకరికి భాష దెబ్బతినును. ప్రమాదములో తలకు దెబ్బ తగిలినవారికిని, మెదడులో గడ్డ లేచినవారికిని ఇట్లు జరుగవచ్చును. మన ఊళ్లలో దీనిని మాట పడిపోవుట అందురు. వైద్యులు అఫేసియా అందురు.

137వ కీర్తన చూడుడి. చెరలో నున్న ఆ భక్తుడు తాను యెరూషలేమును మరచినయెడల తన కుడిచేయి తన నేర్పును మరచిపోవలెననియు, తన నాలుక అంగిటికి అంటుకొనిపోవలెననియు ఒట్టు పెట్టుకొనుచున్నాడు. అతని తలంపు ఏదైనను, కుడిచేయి, నాలుక అను ఈ జతను వైద్యులు బాగుగా ఎరుగుదురు. శరీరపు కుడి ప్రక్కను నడుపునది మెదడుయొక్క ఎడమ భాగము. కుడిచేతి వాటము గలవారిలో నూటికి 90 మందికి పైగా భాషయు ఆ ఎడమ భాగముననే యుండును. అక్కడి రక్తనాళము ఒకటి మూసుకొనిపోయినయెడల చేయియు మాటయు ఒక్కసారే పడిపోవచ్చును.

కాబట్టి లోపము నాలుకలో లేదు. కండరములు బలహీనమై మాట ముద్దగా వచ్చుట వేరు. అఫేసియాలో నాలుక కదలినను, కావలసిన మాట మనస్సుకు దొరకదు. ఇట్టివాని నాలుకకు వస అరగదీసి రాచినందున ఏమి ప్రయోజనము? జెకర్యా పలక అడిగి వ్రాసెనని లూకా సువార్తలో చదివి, కొందరు రోగి చేతికి పలకయు బలపమును ఇత్తురు. అయితే జెకర్యాకు పోయినది పలుకు మాత్రమే. అఫేసియా వచ్చినవానికి సాధారణముగా వ్రాతయు చదువును కూడ దెబ్బతినును. అతడు పలకమీద పిచ్చిగీతలు గీయగా చూచి, ఇంటివారు మతి పోయినదని తీర్మానించుకొందురు. ప్రియులారా, ఆ తీర్మానమే అతనికి రెండవ దెబ్బ.

ఫ్రాన్సు దేశమందు పారిస్ దగ్గర బిసెత్ర్ అను ఆసుపత్రిలో లెబోర్న్ అను ఒకడు 21 సంవత్సరములు ఉండెను. అతడు ఏది అడిగినను టాన్, టాన్ అనుచుండెను గనుక అందరును అతనిని టాన్ అనియే పిలిచిరి. 1861లో పాల్ బ్రోకా అను వైద్యుడు అతనిని పరీక్షించి, ఇక్కడికి వచ్చి ఎన్నేండ్లైనదని అడిగెను. అతడు అయిదు వ్రేళ్లు నాలుగు మారులు చాపి, పిమ్మట ఒక వ్రేలు చూపెను. లెక్క సరిగా 21. మరునాడు అడిగినను అదే జవాబు. మూడవ మారు అడుగగా, తన్ను పరీక్షించుచున్నారని గ్రహించి కోపగించి, దేవుని నామముతో కూడిన ఒక ఒట్టుమాట విసరెను. కొలది దినములకే అతడు మరణించినప్పుడు బ్రోకా అతని మెదడును చూచి, ఎడమ వైపు ముందు భాగమున గాయమును కనుగొనెను. ఒక్క శబ్దము తప్ప మాట లేని ఆ మనుష్యుని లోపల లెక్క యున్నది, జ్ఞాపకమున్నది, అవమానమును గ్రహించు మనస్సున్నది.

ఆ ఒట్టుమాటను గూర్చి కొంచెము నిలిచి ఆలోచింతము. మాట పడిపోయినవారిలో కొందరికి తలచి పలుకు మాట రాకపోయినను, అలవాటుగా పలుకునవి వచ్చును: ఒకటి రెండు మూడు అని లెక్క, వారముల పేర్లు, కంఠస్థమైన ప్రార్థన, ఒక్కొక్కప్పుడు తిట్టు. నిన్నటివరకు పరిశుద్ధముగా మాటలాడిన సంఘపెద్ద నోట బూతు వచ్చినయెడల, హృదయము నిండియున్న దానినే నోరు మాటలాడునని ప్రభువు చెప్పెను గదా, ఇతని హృదయము ఇట్టిదా అని కొందరు గుసగుసలాడుదురు. ప్రభువు ఆ మాట పరిసయ్యులతో చెప్పెను. వారు ఎరిగి, ఏరుకొని దూషించినవారు. మాటలను ఏరుకొను శక్తియే పోయినవానిమీద ఆ వచనమును రాయివలె విసరకుడి.

మరియొక విధమైన వ్యాధిగ్రస్తులు కలరు. జర్మనీ దేశపు వైద్యుడు కార్ల్ వెర్నికె 1874లో వీరిని గూర్చి వ్రాసెను. వీరికి మాట ధారాళముగా వచ్చును గాని అర్థము కుదరదు. నీళ్లు కావలసి కుర్చీ అందురు, లేని మాటలు పుట్టింతురు, మనము చెప్పినదియు వారికి సరిగా తెలియదు. అట్టివారిని చూచి దయ్యము పట్టినదని కొందరును, అన్యభాషలని కొందరును అనుకొందురు. అది రెండును కాదు. అది మెదడుకు తగిలిన గాయము.

అయితే నోటితో ఒప్పుకొనవలెనని రోమీయులకు వ్రాసిన పత్రిక 10వ అధ్యాయములో ఉన్నదే, నోరు రానివాని గతి ఏమి? విశ్వాస ప్రమాణము పలుకలేనివానికి ప్రభు భోజనము ఇయ్యవచ్చునా? ఈ ప్రశ్న ఏ సంఘములోనైనను పుట్టగలదు. జవాబు అదే పత్రికలో రెండు అధ్యాయములకు ముందే యున్నది. మనకు ప్రార్థించుట తెలియనప్పుడు, ఉచ్చరింప శక్యముకాని మూలుగులతో ఆత్మయే మన పక్షముగా వేడుకొనునని అపొస్తలుడు అక్కడ తెలుపుచున్నాడు. మాటలు లేని మూలుగును దేవుడే ప్రార్థనగా అంగీకరించగా, మనము ఏ అధికారముతో త్రోసివేయుదుము? చేయి చాపిన సహోదరుని దాటి రొట్టెపళ్లెము పోరాదు.

మార్కు సువార్తలోని నత్తివానిని ప్రభువు ఎట్లు చూచెను? సమూహమునుండి ప్రత్యేకముగా తీసికొనిపోయెను. అతనిని ముట్టెను. ఆకాశమువైపు కన్నులెత్తి నిట్టూర్చెను. ఇందులో మనకు పాఠమున్నది. మాట పడిపోయినవానియొద్దకు పదిమంది గుంపుగా పోయి ఒక్కసారే మాటలాడినయెడల అతడు బెదరిపోవును. ఒకరిద్దరు పోవుడి. రేడియో, టీవీ ఆపుడి. అతడు చెవిటివాడు కాడు, కేకలు వేయకుడి; పసివాడు కాడు, ముద్దుమాటలు పలుకకుడి. చిన్న వాక్యములు చెప్పుడి. అవును, కాదు అని తల ఊపగల ప్రశ్నలు అడుగుడి. వస్తువును చూపుడి, బొమ్మ గీయుడి. అతడు మాటకొరకు వెదకునప్పుడు తొందరపడి అందింపక, కాచుకొనియుండుడి.

పాటయు పాడుడి. ఓలోఫ్ దాలిన్ అను స్వీడను దేశస్థుడు 1745లో ఒక మనుష్యుని గూర్చి వ్రాసెను. ఆ మనుష్యునికి కుడి ప్రక్క పడిపోయి, మాటయు పోయెను. అయినను ఎవరైనను ఎత్తుకొని తోడు పాడినయెడల, మునుపు నేర్చిన కీర్తనలను అతడు స్పష్టముగా పాడుచుండెను. 1973లో అమెరికాలోని బోస్టన్ నగర వైద్యులు, రాగముతో మాటను మరల నేర్పు పద్ధతి నొకదానిని ప్రకటించిరి. అందరికిని ఇది ఫలింపదు. అయినను మన సహోదరుని ఇంట చిరపరిచితమైన కీర్తన ఎత్తుకొనుటకు మనకు ఖర్చేమి?

ఇంకొక మాట. అకస్మాత్తుగా మూతి వంకరపోయినను, చేయి జారిపోయినను, మాట తడబడినను, పావురపు రక్తము రాయుదమని కాలము పోగొట్టకుడి. వెంటనే 108కి ఫోను చేయుడి. గడ్డకట్టిన రక్తమును కరిగించు సూదిమందు సాధారణముగా మొదటి నాలుగున్నర గంటలలోనే పనిచేయును. పిమ్మట స్పీచ్ థెరపీ చేయించుడి. మొదటి నెలలలో మేలు ఎక్కువ కనబడును. ఏండ్లు గడచిన తరువాత కూడ అభివృద్ధి కలుగుట కలదు. ఒక నెలకే నిరాశపడి ఆపివేయకుడి.

ప్రార్థన: మా మాట మా నాలుకకు రాకముందే ఎరిగియున్న తండ్రీ, మాట పడిపోయిన నీ బిడ్డలను జ్ఞాపకము చేసికొనుము. వారిని రాత్రింబగళ్లు కనిపెట్టుచున్న భార్యలకు, భర్తలకు, పిల్లలకు ఓర్పు దయచేయుము. వారి ఇంటికి పోవుటకు మాకు కాళ్లను, వారి ప్రక్కన ఊరక కూర్చుండుటకు మాకు తీరికను అనుగ్రహించుము. ఆమేన్.