చలిమంట దగ్గర ప్రశ్న

బైబిలు కథల్లో నాకు బాగా దగ్గరివాడనిపించే మనిషి పేతురు. ఎందుకంటే అచ్చం మనలాంటివాడు. గెత్సేమనే తోటలో యేసును పట్టుకోవడానికి జనం ఆయుధాలతో వస్తే, కత్తి దూసి ఒకడి చెవి తెగనరికిన ధీరుడాయన. అదే రాత్రి ప్రధాన యాజకుడి ఇంటి ముంగిట్లో చలి కాచుకుంటూంటే, ఓ పనిపిల్ల వచ్చి నువ్వూ ఆయన మనిషివే కదా అని అడిగింది. అంతే! ఆయనెవరో నాకు తెలీదు పొమ్మన్నాడు.

కత్తులకి జంకనివాడు పనిపిల్ల ప్రశ్నకి జంకాడు. ఇదేం చోద్యం అంటారా? ఆలోచిస్తే చోద్యమేం లేదు. పెద్ద ఆపద వచ్చినప్పుడు మనిషికి వీరావేశం వస్తుంది. పక్కన మనవాళ్ళుంటారు, నలుగురూ చూస్తారు. చిన్న ప్రశ్న ఎదురైనప్పుడు అవేవీ ఉండవు. ఉన్నదల్లా చలి, ఆ మంట దగ్గర దొరికిన కాస్త చోటూ పోతుందేమోనన్న బెంగ.

నేను క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాణ్ణి. దానియేలులా సింహాల గుహలో పడవలసిన అవసరం నాకెన్నడూ రాలేదు. నాకు తగిలేదల్లా ఆ పనిపిల్ల ప్రశ్నే. అద్దె ఇంటి కోసం వెడితే గదులన్నీ చూపించి, నూతినీళ్ళ రుచి వర్ణించి, అడ్వాన్సు దాకా వచ్చాక ఇంటివారు గొంతు తగ్గించి, "ఇంతకీ మీరేవిట్లండీ?" అంటారు. బదిలీల ఉద్యోగం గనక నాలుగైదు ఊళ్ళలో ఈ ప్రశ్న విన్నాను. జవాబు విన్నాక కొందరు నవ్వుతూ తాళంచెవి చేతికిచ్చారు. కొందరికి మాత్రం, వాళ్ళ అల్లుడుగారు ఆ వాటాలోకే దిగుతానన్న సంగతి హఠాత్తుగా జ్ఞాపకం వచ్చింది!

పోనిద్దురూ, ఈ ఇల్లు కాకపోతే మరో ఇల్లు. కానీ అదే ప్రశ్న సర్కారు కాగితం మీద వస్తే? 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు కానివారు షెడ్యూల్డు కులాల లెక్కలోకి రారు. 1956లో సిక్కులకీ, 1990లో బౌద్ధులకీ సడలింపు ఇచ్చారు. క్రైస్తవులకి లేదు. మన రెండు రాష్ట్రాల్లోనూ షెడ్యూల్డు కులాలకి రిజర్వేషను 15 శాతం. ఆ కులాల నుంచి క్రైస్తవులైనవారికి బి.సి.-సి కింద 1 శాతం. మతం మారినంత మాత్రాన ఊళ్ళో వాడ మారదు, చూసే చూపూ మారదు. అందుకని కొన్ని ఇళ్ళలో పిల్లవాడికి చర్చిలో ఒక పేరు, బడి రిజిస్టర్లో ఇంకో పేరు.

ఆ తండ్రిని పిరికివాడందామా? అనడానికి నాకు నోరు రాదు. నిజం చెబితే నాకు పోయేది ఓ అద్దె వాటా. ఆయనకి పోయేది కొడుకు చదువు. వెల ఇంత తేడాగా ఉన్నప్పుడు, తక్కువ చెల్లించినవాడు ఎక్కువ చెల్లించవలసినవాడికి ధైర్యం గురించి పాఠం చెప్పడం ఏం మర్యాద?

అలాగని ధైర్యమన్న మాట కొట్టిపారేయలేం. ఒంగోలు సీమలో యెర్రగుంట్ల పేరయ్య అని తోళ్ళ వ్యాపారం చేసుకునే మాదిగాయన ఉండేవాడు. 1866లో ఆయన బాప్తిస్మం పుచ్చుకున్నాడు. ఆయన వెంట వచ్చినవాళ్ళు జాతర్లలో డప్పు కొట్టమన్నారు, చచ్చిన గొడ్డు మాంసం తినమన్నారు, ఆదివారం వెట్టికి రామన్నారు. ఊరి పెద్దలకి కోపం వచ్చింది. బావి నీళ్ళు ముట్టుకోవద్దన్నారు. వాళ్ళు కత్తులేమీ దూయలేదు. వద్దన్నారు, అంతే. రేపు తిండెలాగో తెలియని మనిషి వద్దనడం కన్నా పెద్ద సాహసం నాకు తెలీదు.

ఇంకొకాయన సంగతీ చెప్పాలి. సిరియా సేనాపతి నయమాను. కుష్ఠు నయమయ్యాక ఇకమీదట ఇశ్రాయేలు దేవుణ్ణే కొలుస్తానన్నాడు. కానీ ఆయన కొలువు చేసే రాజుగారు రిమ్మోను గుళ్ళోకి ఈయన చెయ్యి పట్టుకుని వెడతారు. రాజు వంగితే ఈయనా వంగాలి. ఆ సంగతి ప్రవక్త ఎలీషాకి ముందే విన్నవించుకుని, దేవుడు మన్నించాలన్నాడు. ఎలీషా కోప్పడలేదు. నెమ్మదిగా వెళ్ళి రమ్మని సాగనంపాడు.

ఈ ముగ్గుర్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకొకటి తోస్తుంది. నోరు మూసుకుని ఉండడం వేరు, ఎరగనని చెప్పడం వేరు. పేతురుని ఆ మంట దగ్గర ఎవరూ ప్రసంగం చెయ్యమనలేదు. ఆఫీసులో బల్ల మీద వాక్యాల కేలండరు పెట్టుకుని, మామూళ్ళ సొరుగు తెరిచే ఉంచేవాడి కన్నా, మెడలో సిలువ కనబడకపోయినా ఆ సొరుగు మూసేసినవాడే నయం. అడగనప్పుడు చాటుకోనక్కర్లేదు. అడిగినప్పుడు కాదనకపోతే చాలు. ఇది నాకు నేను పెట్టుకున్న కొలబద్ద. పక్కవాడికి పట్టి చూసేందుకు కాదు.

అయితే ఇంతసేపూ మనం జవాబు చెప్పేవాడి ధైర్యాన్నే తూకం వేశాం. అడిగేవాడి మాటేమిటి? ఆ పనిపిల్ల పాపం ఏదో కుతూహలం కొద్దీ అడిగి ఉండవచ్చు. కానీ ఆ ప్రశ్నతో ఒక మనిషి తన ప్రాణసఖుణ్ణే ఎరగనన్నాడు. మనలో చాలామందికి పేతురు పాత్ర ఎప్పుడో గాని రాదు. ఆ పిల్ల పాత్ర తరచు వస్తుంది. వాటా అద్దెకిచ్చేటప్పుడు, కొత్త గుమాస్తా డబ్బా విప్పి అన్నం తినేటప్పుడు, పిల్లవాడి స్నేహితుడు ఇంటికొచ్చి మంచినీళ్ళడిగినప్పుడు. మనది ఏ మతమైతేనేం, మన ఇంటి ముంగిట్లోనూ ఒక చలిమంట ఉంటుంది.

చలిలో వచ్చినవాడికి ముందు కాస్త జరిగి చోటివ్వవచ్చు. ఎవరి తాలూకో తర్వాత తెలుస్తుంది. తెలియకపోయినా మంటకి వచ్చే నష్టమేమీ లేదు.