గాజుతొట్టిలో ఇసుకదొందు

ప్రాణిని ప్రేమించుట యనగా దానిని దగ్గఱ నుంచుకొనుటయేనా? ఈ ప్రశ్నను మా యింట నొక చిన్న చేప లేవదీసినది.

వానలు వెలిసిన పిమ్మట, మహబూబ్‌నగర్ సమీపమున నొక చెఱువు అలుగు క్రింద మా కుమారుడు వ్రేలెడంత ఇసుకదొందును పట్టి చెంబులో నింటికి దెచ్చెను. ఇది మన చెఱువులలోను, కృష్ణలోను సామాన్యముగ దొరకు చేపయే. 1822లో హామిల్టను అను వైద్యుడు గంగానది మత్స్యములను గూర్చిన తన గ్రంథమున దీనిని వర్ణించెను. దీని పొట్టక్రింది రెండు ఱెక్కలును కలిసి చిన్న దొప్పవలె నుండును. ప్రవాహమున కొట్టుకొనిపోకుండ రాతిని పట్టుకొనుట కది సాధనము.

ఇసుక పోసిన గాజుతొట్టిలో దానిని విడిచితిమి. ప్రవాహము లేని యా నీటిలో దాని సాధనమునకు పనియే లేదు. అది ఈదులాడి తన్ను అలరించునని పిల్లవాని యాశ. అదియో, ఇసుకలో నణగి, కన్నులు మాత్రము పైకి నిలిపి, కదలక పడియుండెను. బొరుగులు చల్లిన ముట్టలేదు. అది పురుగులను, రొయ్యపిల్లలను, చిన్న చేపలను తిను జాతి. తోడుగా నుండునని పిల్లవాడు రెండు పరకపిల్లలను దెచ్చి విడిచెను. తెల్లవారునప్పటికి ఒకటి లేదు. "దొందు చెడ్డది నాయనా!" యని వాడేడ్చెను.

నేనేమి చెప్పగలను? చెఱువులో పరకకు దాగుటకు నాచు కలదు, పాఱిపోవుటకు లోతు కలదు. తొట్టిలో నాలుగు గోడలు మాత్రమే కలవు. ఆ గోడలను నిలిపినవారము మేము. దోషము దొందుది కాదు.

పొరుగువారొకరు, "చెఱువులో నున్న కొంగపాలు కావలసినదే గదా; మీ యింట దానికేమి కొదువ?" యనిరి. ఈ మాట మనకు క్రొత్త కాదు. పంజరపు చిలుకను గూర్చి యిదియే చెప్పితిమి. చదువుకొందునన్న ఆడుపిల్లతో నిదియే చెప్పితిమి. అప్పునకు వెట్టిచేయు భగేలాను జూపి, వానికి గంజి పోయుచున్నాము గదా యనెడి వారును మన పల్లెలలో నుండిరి. ఆ యొప్పందములను అదుపులో నుంచుటకు హైదరాబాదు ప్రభుత్వము 1936లో శాసనము చేయవలసివచ్చెను. చేపను మనుష్యునితో సమానము చేయుట నా యుద్దేశము కాదు. పోషించుచున్నాము గనుక బంధించు హక్కు కలదను తర్కము మాత్రము అన్నిచోట్ల నొక్కటియే యని నా మనవి.

అట్లని చేపలను పెంచుటయే పాపమందునా? అనను. 1853లో లండను జంతుశాలలో ప్రజలకై మత్స్యశాల తెఱచిన నాటినుండి, గాజుగోడల గుండ చూచి మనుష్యులు నీటిలోని బ్రదుకును గూర్చి యెంతయో నేర్చిరి. దొందుజాతులలో పెక్కింట మగచేపయే గ్రుడ్లకు కాపుండునని యెఱిగిన బాలుడు దానిని కూరముక్కగా మాత్రమే చూడజాలడు. కాని యీ లాభము చూచువానిది, చూడబడుదానిది కాదు. ఆ ఋణమును మఱువరాదు. దాగుటకు రాయి, కదలెడు నీరు, జాతికి తగిన యాహారము ఈయగలవాడే తొట్టిని పెట్టవలెను. ఈయలేనివాడు చెఱువుగట్టున గూర్చుండి చూచుట మేలు.

విడుచుటకును వివేకము కావలెను. దక్షిణ అమెరికానుండి అంగళ్లకు వచ్చిన, నోటితో అద్దమునంటుకొను చేపను పెంచలేక కొందఱు జాలితో నీటిలో విడిచిరి. అది నేడు మన నదులలో వ్యాపించి జాలరుల వలలను చింపుచున్నది. ఒకదానిపై చూపిన దయ పెక్కింటికి హాని యైనది. కావున ఆలోచన విడుచునప్పుడు కాదు, పట్టుకొనకముందే కలుగవలెను.

మా దొందు మా చెఱువుదే గనుక మాకా చిక్కు లేకపోయెను. మిగిలిన పరకతో గూడ దానిని కొనిపోయి అలుగు క్రిందనే చెంబు వంచితిమి. దొందు క్షణములో నిసుకలో కలిసిపోయెను. "ఇక కనబడదా?" యని పిల్లవాడడిగెను. "కనబడకపోవచ్చును గాని యిక్కడనే యుండును" అంటిని. వాడు చాలసేపు నీటివైపు చూచుచు గట్టుమీద కూర్చుండెను. తొట్టిముందెన్నడును వాడంతసేపు కూర్చుండలేదు.